విజ్ఞాపన చేసిన రాణి – బొహీమియా ఆన్ జీవితము

పఠన భాగములు: 1 సమూయేలు 25:14–35, 2 దినవృత్తాంతములు 24:1–22



కోపముతో కత్తి కట్టుకొని నాలుగువందలమందిని వెంటబెట్టుకొని వచ్చుచున్న దావీదునకు అబీగయీలు ఎదురు వెళ్లిన సంగతి మన మెరుగుదుము. ఆమె గాడిదమీదనుండి దిగి సాగిలపడి, తన యింటివాని బుద్ధిహీనతను తన మీద వేసికొని, దావీదు చేయి రక్తమంటకుండ ఆపెను. ఆ దినమున ఆమె నాబాలు ఇంటిని మాత్రమే కాపాడలేదు. దావీదును దావీదునుండియే కాపాడెను. మరునాడు అతడు పశ్చాత్తాపపడవలసిన పని ఒకటి జరుగకుండ పోయెను.

ఇట్లు కోపమునకు అడ్డముగా నిలిచిన స్త్రీలు లోకచరిత్రలో పెక్కుమంది యున్నారు. వారిలో ఇంగ్లండు దేశపు రాణియైన ఆన్ ఒకతె. ఆమె భర్త రెండవ రిచర్డు రాజు. ఆమె 28 ఏండ్ల వయస్సున మరణించెను. ఆమె పోయిన అయిదేండ్లకే అతని కిరీటము పోయెను, ఆరవ యేడు తిరుగకముందే ప్రాణమును పోయెను. ఆమె బ్రదికియుండినయెడల ఆ రాజు గతి వేరుగా నుండెడిదా? ఈ ప్రశ్న చరిత్ర చదివినవారికి తప్పక తోచును. అది రాజులకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు, మన యిండ్లకును సంబంధించినదే.

బాల రాజు

రిచర్డు 1367వ సంవత్సరము జనవరి 6వ తేదీన ఫ్రాన్సు దేశములోని బోర్డో పట్టణమున పుట్టెను. అతని తండ్రి యుద్ధవీరుడని పేరుపొందిన ఎడ్వర్డు యువరాజు. ఆ తండ్రి 1376లోను, తాత యగు మూడవ ఎడ్వర్డు రాజు 1377లోను మరణించిరి. అందుచేత పదేండ్ల బాలుని తలమీద కిరీటము పెట్టబడెను. పినతండ్రులును గొప్ప ప్రభువులును చుట్టును నిలిచి రాజ్యము నడిపిరి. బాల్యమునందే అతనికి రెండు పాఠములు అబ్బినవి. ఒకటి, తాను దేవునిచేత అభిషేకింపబడినవాడనని. రెండవది, తన మాట ఎవరును వినరని. ఈ రెండును ఒకే హృదయమున చేరినప్పుడు ఎట్టి పంట పండునో మీరే ఊహింపవచ్చును.

1381లో ఆ దేశమున రైతులు తిరుగబడిరి. ఫ్రాన్సుతో యుద్ధము సాగించుటకై ప్రభుత్వమువారు తలపన్ను వేసిరి. మనిషికొక షిల్లింగు చొప్పున ధనికుడును కూలివాడును ఒకటే పన్ను కట్టవలెననిరి. కెంటు, ఎసెక్సు సీమల పల్లెజనులు గుంపులుగా లండనుపై బడిరి. ఆర్చిబిషప్పగు సడ్బరీని పట్టి తల నరికిరి. అప్పుడు రిచర్డుకు పదునాలుగేండ్లు. స్మిత్‌ఫీల్డు మైదానమున రైతుల నాయకుడైన వాట్ టైలరు పడిపోయినప్పుడు జనులు విండ్లు వంచి బాణములు సంధించుచుండగా, ఈ బాలుడు ఒంటరిగా గుఱ్ఱమును వారి యెదుటికి నడిపించి, తానే వారి నాయకుడనని చెప్పి వారిని శాంతపరచెను. అది నిజమైన ధైర్యమే. అయితే వెట్టి తీసివేయుదునని అతడు వ్రాయించి యిచ్చిన పత్రములు కొన్ని దినములలోనే రద్దుచేయబడెను. ఆ మాట నమ్మిన పేదలలో పలువురు ఉరితీయబడిరి. అతనిలో ధైర్యముండెను గాని, అన్నమాట నిలుపుకొను అలవాటు లేకపోయెను.

ప్రాగునుండి వచ్చిన కన్య

ఆ సంవత్సరాంతముననే, డిసెంబరు నెలలో, ఆన్ ఇంగ్లండు తీరమున దిగెను. ఆమె 1366 మే 11వ తేదీన బొహీమియా దేశపు ప్రాగు పట్టణమున పుట్టినది. ఇప్పుడు ఆ సీమను చెక్ దేశమందురు. ఆమె తండ్రి నాలుగవ చార్లెసు చక్రవర్తి. 1348లో ప్రాగు విశ్వవిద్యాలయమును స్థాపించినవాడాయనే. చదువును పుస్తకములును ఆదరింపబడిన రాజగృహమున ఆమె పెరిగెను.

1382 జనవరి 20వ తేదీన వెస్ట్‌మినిస్టరు ఆలయమున వివాహము జరిగెను. రెండు దినములకు ఆమె రాణిగా అభిషేకము పొందెను. వధువునకు పదునైదేండ్లు, వరునకును పదునైదేండ్లే. ఇంగ్లండు జనులు ఈ సంబంధమునకు సంతోషింపలేదు. ఆమె కట్నము తేలేదు. పైగా ఆమె అన్నయగు వెన్సెస్లాసు రాజునకు రిచర్డే పెద్ద మొత్తము అప్పుగా ఇచ్చెను. పన్నులచేత నలిగిన దేశమున ఇట్టి సంగతి విన్నవారు గొణిగిరి. ఆమె వెంట వచ్చిన పరివారమంతయు రాజుగారి కూడు తినుచున్నదని సణిగిరి. కాని కాలము గడచినకొలది ఆ గొణుగుడు అణగిపోయి, జనులు ఆమెను మంచి రాణి యని పిలువసాగిరి. కట్నము తేని కోడలు తన నడవడిచేత ఇంటిని గెలుచుకొనుట మన పల్లెలలోను చూచుచున్నాము గదా!

ఆమె చేసిన మొదటి మేలు క్షమాపణయే. తిరుగబడిన రైతులకు రాజు క్షమాపత్రము ప్రకటించినప్పుడు, అది రానున్న రాణి కోరికను బట్టియు ఇచ్చినదని చెప్పబడెను. అప్పటి కామె ఇంగ్లీషు భాష యెరుగదు, ఆ జనుల నెరుగదు. అయినను ఆమె పేరు ఆ దేశపు కాగితములమీద మొదట క్షమాపణతోనే చేరెను.

మూడు భాషలలో సువార్త

ఆ దినములలోనే ఆక్సుఫర్డు పండితుడైన జాన్ విక్లిఫు, దేవుని వాక్యము సామాన్యజనుల భాషలో నుండవలెనని బోధించుచుండెను. ఆయన అనుచరులు లాటిను బైబిలును ఇంగ్లీషులోనికి మార్చుచుండిరి. సంఘాధికారులనేకులు దానిని తప్పుగా నెంచిరి. విక్లిఫు తన గ్రంథములలో ఒకచోట ఈ రాణిని ఉదాహరణగా చూపెను. ఆమెకు చెక్, జర్మను, లాటిను భాషలలో సువార్త యున్నది. అంతమాత్రముచేత ఆమెను మతద్రోహి యనవచ్చునా యని అతని వాదము. విక్లిఫు 1384 డిసెంబరు 31వ తేదీన మరణించెను.

ఇచ్చట మనము జాగ్రత్తగా మాటలాడవలెను. తరువాతి కాలపు ప్రొటెస్టెంటు రచయితలు కొందరు ఆన్ రాణిని విక్లిఫు శిష్యురాలివలె చిత్రించిరి. అంతమాట చెప్పుటకు ఆధారము చాలదు. ఆమె తన కాలపు సంఘములో పుట్టి, ఆ ఆచారములలోనే జీవించి, ఆ సంఘములోనే మరణించెను. మనకు నిశ్చయముగా తెలిసినది ఇంతే: ఆమె లేఖనములను తన తల్లిభాషలో ఉంచుకొనెను. అదియు ఆ కాలమునకు చిన్న సంగతి కాదు. ఈనాడు మన యిండ్లలో గూటిలోనో పెట్టెలోనో తెలుగు బైబిలున్నది. దానిని తెరచినందుకు మనలను నిలదీయువారెవరును లేరు. కాని తెరచువారు ఎందరు?

మోకాళ్లమీద రాణి

రిచర్డు యౌవనస్థుడైన కొలది తన స్నేహితులకు భూములును పదవులును ధారాళముగా ఇయ్యసాగెను. వారిలో రాబర్టు డి వేరు అనువాడు తన భార్యను విడిచి, ఆన్ రాణి పరివారములోని ఒక స్త్రీని చేపట్టెను. విడువబడిన ఆ భార్య రాజునకు దగ్గర బంధువు. దేశమంతయు ఏవగించుకొనెను. ప్రభువులు కోపించి 1387 డిసెంబరులో రాడ్‌కాట్ వంతెనయొద్ద అతని సైన్యమును చెదరగొట్టిరి. 1388లో కూడిన పార్లమెంటు రాజు స్నేహితులను ఒకరి తరువాత ఒకరిని మరణమునకు అప్పగించెను. దయలేని పార్లమెంటు అని దానికి పేరు వచ్చెను.

ఆ నేరస్థుల జాబితాలో సర్ సైమన్ బర్లీ అను వృద్ధుడుండెను. ఇతడు రిచర్డునకు బాల్యమున గురువు. ఆన్ వివాహసంబంధము కుదుర్చుటకు వెళ్లిన దూతలలో ఒకడు. అతని ప్రాణము దక్కించుటకై రాణి ప్రభువుల యెదుట మోకరించెను. ఒక వృత్తాంతము ప్రకారము ఆమె మూడు గంటలు మోకాళ్లమీద నుండెను. చక్రవర్తి కుమార్తె, దేశమునకు రాణి, తన భర్త ప్రజలలోని ఒక ప్రభువు నెదుట మోకరించియుండగా అతని మనస్సు కరుగలేదు. మే 5వ తేదీన బర్లీ తల నరికిరి.

ఆ దినము రిచర్డు గుండెలో ఒక ముల్లు దిగెను. తన గురువు చావును, తన భార్యకు జరిగిన అవమానమును అతడు మరువలేదు. పైకి మాత్రము శాంతముగా నుండెను. 1389 మే నెలలో, ఇరువది రెండేండ్ల వయస్సున, ఇక తానే ఏలుదునని సభలో ప్రకటించెను. ఆ తరువాత ఎనిమిదేండ్లు దేశము చాలవరకు నెమ్మదిగా నుండెను. ఆ ఎనిమిదింటిలో మొదటి అయిదేండ్లు ఆన్ అతని ప్రక్కన నుండెను.

1392లో లండను నగరస్థులు రాజునకు అప్పు ఇయ్యమనిరి. అతడు మండిపడి నగరాధిపతిని చెరసాలలో వేయించి, నగరపు హక్కులను తీసివేసి, న్యాయస్థానములను యార్కు పట్టణమునకు తరలించి, లక్ష పవున్ల జరిమానా విధించెను. అంత ధనము ఆ నగరమును అమ్మినను వచ్చునో రాదో! ఆగస్టు 21వ తేదీన రాజును రాణియు నగరములో ఊరేగిరి. జనులు వీధులను అలంకరించి కానుకలు తెచ్చిరి. దారిలో వారు రాణిని బతిమాలుకొనిరి. వెస్ట్‌మినిస్టరు సభాశాలలో ఆమె రాజు పాదములయొద్ద మోకరించి నగరముకొరకు వేడుకొనెను. రాజు ఆమెను లేవనెత్తి ప్రక్కన కూర్చుండబెట్టుకొని నగరస్థులను మన్నించెను. ఆ గొప్ప జరిమానా కొట్టివేయబడెను. పదివేల పవున్లతో ఆ వ్యవహారము ముగిసెను.

ఇదంతయు ముందుగా ఏర్పాటు చేసికొన్న వేడుక యని కొందరు చెప్పుదురు. అది కొంతవరకు నిజమే కావచ్చును. రాణి వేడుకొనుట, రాజు మన్నించుట ఆ కాలపు రాజమర్యాదలలో ఒకటి. కాని ఆ మర్యాదలో ఎంత జ్ఞానమున్నదో గమనింపుడి. కోపించినవాడు తనంతట తాను వెనుకకు తగ్గిన చులకనయగుదునని భయపడును. ఎదుటివానికి తల వంచుటకు మనసొప్పదు. మధ్యను ప్రియమైనవారొకరు నిలిచి బతిమాలినయెడల, వారి ముఖము చూచి తగ్గితిననుకొనవచ్చును. గౌరవము నిలుచును, కత్తి ఒరలోనికి పోవును. ఆన్ రాణి రిచర్డునకు ఇచ్చిన గొప్ప కానుక ఇదియే. కోపమునుండి దిగివచ్చుటకు ఆమె అతనికి ఒక మెట్టుగా నుండెను.

షీన్ భవనము

1394 జూన్ 7వ తేదీన, థేమ్సు నదియొడ్డున షీన్ అను భవనములో ఆన్ మరణించెను. పండ్రెండేండ్లు కాపురము చేసిరి. బిడ్డలు కలుగలేదు. అట్లని రాజు ఆమెను చిన్నచూపు చూచినట్లు ఎవరును వ్రాయలేదు. వారి అన్యోన్యతను శత్రువులును ఒప్పుకొనిరి.

అతని దుఃఖము కట్టు తప్పెను. ఆమెతో కలిసి నివసించిన ఇండ్లలో సంవత్సరకాలము అడుగుపెట్టనని అతడు ఒట్టు పెట్టుకొనెనని వ్రాసియున్నారు. 1395లో షీన్ భవనమును నేలమట్టము చేయుడని ఆజ్ఞయిచ్చెను. ఆ గోడలు ఏ పాపము చేసినవి? దుఃఖము కోపముగా మారినప్పుడు, చేతికందినదానినెల్ల పడగొట్టును.

ఆగస్టు 3వ తేదీన వెస్ట్‌మినిస్టరు ఆలయమున భూస్థాపన జరిగెను. ఆరండెలు ప్రభువు – బర్లీకి మరణశిక్ష తెచ్చినవారిలో ఒకడు – ఊరేగింపునకు రాలేదు. ఆలయమునకు ఆలస్యముగా వచ్చి, పని యున్నది, ముందుగా పోవుటకు సెలవిమ్మని అడిగెను. రాజు ఒక పరిచారకుని చేతికఱ్ఱ లాగుకొని అతని తలపై కొట్టెను. ప్రభువు నేల కూలెను. ఆలయములో రక్తము చిందెను. ఆరాధన నిలిపి ఆ స్థలమును శుద్ధిచేసిన పిమ్మటనే కార్యము సాగెను. ఆన్ బ్రదికియున్నప్పుడు మోకరించి ఏ చేతిని ఆపుచుండెనో, ఆ చేయి ఆమె శవపేటిక ప్రక్కనే లేచెను. ఇక దానిని ఆపువారు లేరు.

ఆ భూస్థాపన దినమున ఆ ప్రభువు తమ్ముడైన థామసు ఆరండెలు, అప్పటి యార్కు ఆర్చిబిషప్పు, ప్రసంగించుచు రాణి నాలుగు సువార్తలను ఇంగ్లీషులో వ్యాఖ్యానములతో కలిగియుండెనని ఆమెను మెచ్చుకొనెనని ఆ కాలపు చిన్న పుస్తకమొకటి చెప్పుచున్నది. ఈ బిషప్పు పేరు జ్ఞాపకముంచుకొనుడి.

కూలిన సింహాసనము

రెండేండ్లు గడచెను. 1396 నవంబరులో రిచర్డు కలే పట్టణమున ఫ్రాన్సు రాజు కుమార్తెయగు ఇసబెల్లాను వివాహమాడెను. ఆ పిల్లకు ఏడేండ్లు నిండలేదు. ఈ వివాహముతో ఫ్రాన్సుకును ఇంగ్లండుకును 28 ఏండ్ల యుద్ధవిరామము కుదిరెను. సమాధానము మంచిదే. కాని రాజు ప్రక్కన కూర్చుండిన రాణి ఇప్పుడు బొమ్మలతో ఆడుకొను పిల్ల. ఆమె ఎట్లు విజ్ఞాపన చేయగలదు?

1397లో రాజు లోపల దాచుకొనిన ముల్లు బయటికి వచ్చెను. తన పినతండ్రియగు గ్లాస్టరు ప్రభువును, ఆరండెలును, వారిక్కు ప్రభువును పట్టించెను. గ్లాస్టరు కలే చెరసాలలో చంపబడెను. సెప్టెంబరు 21వ తేదీన ఆరండెలు తల నరికిరి. వారిక్కును మాన్ ద్వీపమునకు పంపిరి. ఆర్చిబిషప్పు ఆరండెలును దేశమునుండి వెళ్లగొట్టిరి. 1388లో జరిగినదానికి ఇది బదులు. తొమ్మిదేండ్లు నిప్పును బూడిదక్రింద ఉంచి, అప్పుడు ఊదెను.

తరువాత రాజునకు ఎవరిమీదను నమ్మకము లేకపోయెను. చెషైరు సీమ విలుకాండ్రను కావలి పెట్టుకొనెను. ధనవంతులచేత బలవంతముగా అప్పులిప్పించుకొనెను. 1398లో తన పినతండ్రి కుమారుడైన హెన్రీ బోలింగ్‌బ్రోకును దేశమునుండి వెళ్లగొట్టెను. 1399 ఫిబ్రవరిలో హెన్రీ తండ్రి జాన్ ఆఫ్ గాంటు మరణించగా, కుమారునికి రావలసిన ఆస్తినంతయు రాజు స్వాధీనపరచుకొనెను. ఇది కడపటి తప్పిదము. తండ్రి చనిపోయినప్పుడు కుమారునికి పొలము దక్కదన్నయెడల, దేశములో ఎవని పొలము ఎవనికి భద్రము? నాబోతు ద్రాక్షతోట సంగతి చదివినవారికి దీని భావము వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ వేసవిలో రాజు ఐర్లండుకు పోయియుండగా హెన్రీ యార్కుషైరు తీరమున దిగెను. దేశము అతని ప్రక్కకు ఒరిగెను. రిచర్డు తిరిగి వచ్చునప్పటికి సైన్యము చెదరిపోయెను. ఆగస్టులో వేల్సులోని ఫ్లింటు కోటయొద్ద అతడు లొంగిపోయెను. సెప్టెంబరు 30వ తేదీన అతని రాజ్యము తీసివేయబడి హెన్రీ రాజాయెను. 1400 ఫిబ్రవరిలో పాంటిఫ్రాక్టు కోటలో రిచర్డు మరణించెను. ఆహారము లేక చనిపోయెనని పలువురు నమ్మిరి. అప్పటికతనికి 33 ఏండ్లు.

హెన్రీతోకూడ ఆర్చిబిషప్పు ఆరండెలు తిరిగి వచ్చెను. 1401లో మతద్రోహులను కాల్చవచ్చునను శాసనము వచ్చెను. ఆ సంవత్సరమే విలియం సాట్రె అను బోధకుడు కాల్చబడెను. 1409లో, అధికారుల అనుమతి లేనిదే లేఖనములను ఇంగ్లీషులోనికి మార్చకూడదని ఈ ఆరండెలే నిబంధన ప్రకటించెను. ఇంగ్లీషు సువార్తలు చదివినందుకు రాణిని మెచ్చుకొనెనని చెప్పబడిన నోరే, వాటిని సామాన్యునికి కాకుండ చేసెను.

అయినను వాక్యము బంధింపబడలేదు. ఆన్ వివాహముచేత ఇంగ్లండుకును బొహీమియాకును దారి తెరవబడెను. చెక్ విద్యార్థులు ఆక్సుఫర్డునకు వచ్చిరి. ప్రాగు వాడైన జెరోము విక్లిఫు గ్రంథములను తన దేశమునకు తీసికొనిపోయెను. వాటిని చదివినవారిలో జాన్ హస్ ఒకడు. ఆయన 1415 జూలై 6వ తేదీన కాన్‌స్టన్సు పట్టణమున అగ్నిలో తన సాక్ష్యమిచ్చెను. రాజకార్యముకొరకై కుదిర్చిన ఒక పెండ్లి, ఎవరును తలంపని విధముగా, విత్తనములు మోసికొనిపోవు కాలువ ఆయెను.

ఆమె బ్రదికియుండినయెడల

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఆన్ ఇంకను పది పదునైదేండ్లు జీవించియుండినయెడల ఏమి జరిగెడిది?

కొన్ని సంగతులు మారెడివని తలంచుటకు కారణమున్నది. ఆలయములో ఆ దెబ్బ పడెడిది కాదు. ఏడేండ్ల పిల్లతో వివాహముండదు. ఆరండెలు ప్రభువునకు మరణము విధింపబడిన దినమున, తానొకప్పుడు ఏ మనుష్యుని యెదుట వ్యర్థముగా మోకరించెనో, ఆ మనుష్యుని ప్రాణముకొరకే ఆమె భర్త యెదుట మోకరించియుండును. అది అసాధ్యమని చెప్పజాలము. లండనుకొరకు వేడుకొనిన నోరు, తండ్రిని పోగొట్టుకొనిన హెన్రీ ఆస్తికొరకును వేడుకొనియుండును. ఆ ఒక్క ఆస్తిని విడిచిపెట్టినయెడల, హెన్రీకి దేశమంతయు వెంటబడుటకు కారణము కనబడదు.

మారని సంగతులును గలవు. ఆమె బ్రదికియుండగానే రాజు దుర్వ్యయము చేసెను. ఆమె యింటిలోని స్త్రీ నిమిత్తమే డి వేరు అపవాదు పుట్టెను. బర్లీని ఆమె కాపాడలేకపోయెను. పండ్రెండేండ్లు గడచినను బిడ్డ లేదు. కనుక రిచర్డు తరువాత ఎవరను ప్రశ్న అట్లే యుండెడిది. సంఘవిషయమునను తొందరపడి తీర్పుతీర్చకూడదు. రిచర్డు విక్లిఫు అనుచరులకు స్నేహితుడు కాడు. 1395లో వారు తమ వాదములను వెస్ట్‌మినిస్టరు సభాశాల తలుపునకు అంటించినప్పుడు అతడు వారిని కఠినముగా గద్దించెను. మతద్రోహులను అణచితినని తన సమాధిమీదనే వ్రాయించుకొనెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. 1388లో దిగిన ముల్లును అతడు ఎన్నడును తీసివేసికొనలేదు. ఆన్ చేయి పట్టుకొనియున్నంతకాలము కత్తి లేవలేదు. కాని కత్తి ఒరలోనే యుండెను, పారవేయబడలేదు. ఆమె అతని కోపమును ఆపగలిగెను గాని మార్చలేకపోయెను. మనుష్యుని హృదయమును మార్చు పని భార్యకు అప్పగింపబడలేదు.

ఇచ్చట యోవాషు మనకు జ్ఞాపకము వచ్చును. అతడును రిచర్డువలె బాల్యముననే రాజాయెను. యాజకుడైన యెహోయాదా జీవించినంతకాలము మంచి మార్గమున నడచెను, మందిరమును బాగుచేయించెను. యెహోయాదా మరణించిన తరువాత అధిపతులు వచ్చి నమస్కరించిరి. అతడు వారి మాట వినెను. తుదకు తన్ను కాపాడి పెంచిన యెహోయాదా కుమారునే మందిరావరణములో రాళ్లతో చంపించెను. మందిరములో రక్తము! రిచర్డు కథకును దీనికిని ఎంత పోలిక! ఇద్దరి మంచితనమును మరియొకరి భుజముమీద ఆనుకొని నిలిచినదే. ఆ భుజము తొలగగానే మంచితనము కూలెను.

మన యిండ్ల మాట

ప్రియులారా, మన గ్రామములలో ఆన్ రాణులు లేరా? గట్టు తగవులో అన్నదమ్ములు కఱ్ఱలెత్తినప్పుడు మధ్యకు వచ్చి నిలుచు తల్లి యున్నది. కుమారుని ఇంటినుండి వెళ్లగొట్టుదునని తండ్రి అరచునప్పుడు అన్నము వడ్డించుచు మెల్లగా నచ్చజెప్పు ఇల్లాలున్నది. సంఘము రెండు చీలికలు కాబోవునప్పుడు రాత్రివేళ లాంతరు పట్టుకొని ఇటునుండి అటు తిరిగిన పెద్ద యున్నాడు. వారు పోయిన తరువాత ఆ కుటుంబములును ఆ సంఘములును ఏమైనవో మనము కన్నులార చూచితిమి. ఆమె యున్నన్నాళ్లు ఈ యింట ఇట్లు లేదని జనులనుకొందురు. అది ఆమెకు గొప్ప మెప్పే. కాని మిగిలినవారికి అది నింద గదా?

అందుచేత ముగ్గురికి మూడు మాటలు. విజ్ఞాపన చేయుచున్న సహోదరీ, నీవు మోకరించినప్పుడెల్ల పని జరుగకపోవచ్చును. బర్లీ చనిపోయెను. అయినను లండను బ్రదికెను. నీ పని వ్యర్థము కాదు. అయితే నీ భర్త తప్పిదములన్నియు నీ లోపమువలన జరిగినవని ఎవరైన అన్నయెడల నమ్మకుము.

కోపిష్ఠియగు సహోదరుడా, నిన్ను ఆపు చేయి ఎల్లకాలము ఉండదు. అది యున్నప్పుడే నీ ముల్లు తీయించుకొనుము. పాత పగను లోపల దాచుకొని శాంతముగా నుంటిననుకొనకుము. సూర్యుడస్తమించుటకు ముందే కోపము విడువుడని అపొస్తలుడు ఎఫెసు సంఘమునకు వ్రాసిన సలహా రిచర్డునకు తొమ్మిదేండ్లలో ఒక్క దినమైనను పట్టలేదు.

భార్యను పోగొట్టుకొనిన సహోదరుడా, నీ దుఃఖము తప్పు కాదు. ప్రభువును లాజరు సమాధియొద్ద కన్నీరు విడిచెను. కాని షీన్ భవనమును పడగొట్టకుము. ఆమె కట్టినదానిని నిలుపుము. ఆమె ఎవరికొరకు నీయొద్ద బతిమాలుచుండెనో, ఆ కుమారుని, ఆ కోడలిని, ఆ పొరుగువానిని ఇప్పుడు నీవే పిలిచి మన్నింపుము. ఆమెకు కట్టదగిన సమాధి అదియే.

రిచర్డు 1395లోనే తమ ఇద్దరికి ఒకే సమాధి చేయుటకు పనివారిని కుదిర్చెను. ఇద్దరి ప్రతిమలును చేతిలో చేయి వేసికొనియుండునట్లు చేయవలెనని ఆజ్ఞాపించెను. అతడు చనిపోయినప్పుడు మొదట వేరొకచోట పాతిపెట్టిరి. 1413లో ఐదవ హెన్రీ రాజు అతని శరీరమును తెప్పించి ఆన్ ప్రక్కన ఉంచెను. ఆ హెన్రీ ఎవరనుకొంటిరి? రిచర్డు ఆస్తి లాగుకొని వెళ్లగొట్టిన ఆ హెన్రీ కుమారుడే. తండ్రుల పగను ఆ దినమున ఒక కుమారుడు కొంతవరకు పూడ్చెను. ఆన్ అడుగవలసిన మేలు, ఆమె అడుగకయే ఆమె భర్తకు దొరికెను.

మనకొరకు విజ్ఞాపన చేయుటకు ఎల్లప్పుడును జీవించుచున్న ప్రధానయాజకుడు ఒకడున్నాడని హెబ్రీ పత్రిక ఏడవ అధ్యాయము చెప్పుచున్నది. ఆయన కోపమును ఆపుటతో విడువడు, హృదయమును మార్చును. ఆయన చేయి పట్టుకొనినవానికి, పట్టుకొను చేయి తొలగిపోవు దినము రాదు.

ప్రార్థన: ప్రభువా, మా యిండ్లలో సమాధానము చేయువారిని నీవిచ్చితివి, నీకు స్తోత్రము. వారు మా మధ్యనుండగానే మా హృదయములను మార్చుము. వారు పోయిన తరువాత వారు కట్టినదానిని నిలుపుటకు మాకు శక్తినిమ్ము. ఆమేన్.